కప్పు మీద బల్లి

సొంతంగా ఒక బొమ్మ గీస్తాం. దానికో పేరు పెడతాం. స్నేహితులు "భలే ఉందే" అంటారు. ఆ ఉత్సాహంలో మనలో చాలామంది చేసే మొదటి పని, బొమ్మను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఫొటో స్టూడియోకు వెళ్లి కాఫీ కప్పు మీద అచ్చు వేయించడం. ఆ తర్వాత టీషర్టు. ఆ తర్వాత కీచైన్. షాపులో ఏయే వస్తువులున్నాయో అవే మన కలెక్షన్ అయిపోతాయి.

ఇప్పుడు మీరు గీసిన బొమ్మ బల్లి అనుకోండి. ముద్దొచ్చే బల్లే. గుండ్రటి కళ్లు, చిన్న నవ్వు. పొద్దున్నే కాఫీ పోసుకుని పెదవుల దాకా తెచ్చుకున్న మనిషికి కప్పు అంచున అది కనిపిస్తుంది. బల్లి పడితే గిన్నెడు పాలూ పారబోసే ఇళ్లు మనవి. హాస్టల్ సాంబారులో బల్లి అని పేపర్లో చదివి ఆ పూట సాంబారు మానేసేవాళ్లం మనం. ఆ కప్పు షోకేసులోకి పోతుంది, అక్కణ్నుంచి అటక మీదికి.

పాపం బల్లిదీ కాదు, కప్పుదీ కాదు. రెండింటినీ కలిపే ముందు ఎవరూ బల్లిని అడగలేదు, అంతే. ఈ అధ్యాయంలో మనం నేర్చుకోబోయేది ఆ అడగడమే. పాత్ర స్వభావం ఏ వస్తువును కోరుతోందో తెలుసుకోవడం, దాన్ని మన చేతులకు లొంగేంతగా కుదించడం, పడ్డ కష్టానికి తగ్గ ధర పెట్టడం. అభ్యాసానికి ఆ బల్లినే తీసుకుందాం. మీరు మీ పాత్రను వెంటబెట్టుకుని రండి.

ముందు స్వభావం, తర్వాత బొమ్మ

ఇంట్లో ఎవరైనా మాట్లాడుతుండగా గోడ మీద బల్లి కిచకిచమంటే పెద్దవాళ్లు "సత్యం, సత్యం" అంటారు. ఆ మాట నిజమని బల్లి సాక్ష్యం పలికిందన్నమాట. మన బల్లి ఇక్కడే పుట్టింది. పేరు సత్తెమ్మ. ఇంట్లో ఎవరేం మాట్లాడినా సాక్ష్యం పలకడం ఆమె ఉద్యోగం. ఆమెకో బలహీనత ఉంది: మాట పూర్తిగా వినదు. అబద్ధానికీ "సత్యం" అనేస్తుంది. అన్నప్పుడల్లా తోక ఊడిపోతుంది. సిగ్గుపడి, మళ్లీ మొలిచేదాకా క్యాలెండర్ వెనక దాక్కుంటుంది.

ఇంకా పెన్సిల్ పట్టలేదు. అప్పుడే మన చేతికి ఒక గోడ, ఒక క్యాలెండర్, ఊడిపోయే తోక, ఒక ఊతపదం వచ్చాయి. రేపు మనం చేయబోయే వస్తువులన్నీ ఈ నాలుగింటిలోంచే వస్తాయి.

మీ పాత్రను ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. ఎక్కడ ఉంటుంది? రోజూ ఏం పని చేస్తుంది? ఎక్కడ తడబడుతుంది? నోట ఏ మాట వస్తుంది? జవాబులు నాలుగే నాలుగు వాక్యాల్లో రాయండి. వీటిలో మూడోది మరీ ముఖ్యం. తడబాటు లేని పాత్రను చూసి మెచ్చుకుంటాం గానీ ఇంటికి తెచ్చుకోం. ముళ్లపూడి మాటల్లో పుట్టి బాపు గీతలో నిలిచిన బుడుగు నుంచి, 2008లో హైదరాబాద్ స్టూడియోలో తయారై టీవీకెక్కిన ఛోటా భీమ్ దాకా చూడండి. ఒకరికి పెద్దవాళ్లను ఇరకాటంలో పెట్టే మాటలు, ఇంకొకరికి లడ్డూల పిచ్చి. మనకు గుర్తుండేది అదే.

తపాలా బిళ్ల పరీక్ష

ఇప్పుడు గీయండి. గీసినదానికి మూడు పరీక్షలు పెట్టండి.

మొదటిది, తపాలా బిళ్లంత సైజులో గీస్తే పోల్చుకోగలమా? రెండోది, మొత్తం నల్లగా నింపేసి అంచు మాత్రమే చూపిస్తే ఎవరో తెలుస్తుందా? మూడోది, పక్కింటి పిల్లకు ఒక నిమిషం చూపించి, దాచేసి, గీయమంటే గీస్తుందా? పిల్ల వదిలేసినవి మీరూ వదిలేయవచ్చు. పిల్ల తప్పకుండా గీసినది మీ పాత్ర గుర్తు.

గుర్తు ఒకటో రెండో చాలు. 1966లో పుట్టిన అమూల్ పాపకు చుక్కల గౌను, పీటర్ రాబిట్ అనే కుందేలుకు నీలం కోటు. మన సత్తెమ్మకు కొక్కెంలా వంగిన తోక, నుదుట ఎర్ర బొట్టు. బల్లిని మనం ఎప్పుడూ పైనుంచి చూస్తాం, గోడకు అతుక్కున్నట్టు. కాబట్టి ఆమె ప్రధాన భంగిమ కూడా అదే. కళ్ల నలుపు పక్కన పెడితే రంగులు మూడే: లేత గోధుమ, పసుపు, ఎరుపు. నాలుగో రంగు పెట్టబోయే ముందు, ఆ రంగు దారం, ఆ రంగు బట్ట మీ ఊళ్లో ఏడాది పొడవునా దొరుకుతాయా అని ఆలోచించండి.

ఇవన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించండి. పై నుంచి, పక్క నుంచి, వెనక నుంచి పాత్ర ఎలా ఉంటుందో గీయండి. పక్కన బట్ట ముక్క అంటించి, దారం షేడ్ నంబరు రాసుకోండి. ఆరు నెలల తర్వాత మళ్లీ చేయబోతే, "అప్పుడు ఏ గోధుమ రంగు వాడాను?" అని కొట్టు కొట్టూ తిరగకుండా ఈ కాగితం కాపాడుతుంది.

కుందేలును కుట్టిన రచయిత్రి

పైన చెప్పిన నీలం కోటు కుందేలు కథ ఈ పని చేసేవాళ్లందరికీ పాఠం. ఇంగ్లండ్‌కు చెందిన బియాట్రిక్స్ పాటర్ 1893లో, జబ్బుపడ్డ ఒక పిల్లవాడికి బొమ్మలతో ఉత్తరం రాసింది. అందులోది పీటర్ అనే కుందేలు. ఆ ఉత్తరాన్ని పుస్తకంగా మలిస్తే ప్రచురణకర్తలు ఒప్పుకోలేదు. 1901 చివర్లో సొంత డబ్బుతో 250 ప్రతులు అచ్చు వేయించుకుంది. 1902లో ఫ్రెడరిక్ వార్న్ సంస్థ దాన్ని రంగుల్లో తెచ్చింది. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది.

1903లో ఆమె చేసిన పని మనకు కావాల్సింది. బొమ్మల కంపెనీని వెతుక్కోకుండా ముందు తానే సూదీ దారం పట్టింది. బట్టతో పీటర్‌ను కుట్టింది. మీసాలకు బ్రష్‌లోంచి వెంట్రుకలు పీకి పెట్టింది. నిలబడటం లేదని పాదాల్లో సీసపు గుళ్లు వేసింది. సరిగ్గా కుదిరాక, ఆ డిసెంబరులో లండన్ పేటెంట్ ఆఫీసులో నమోదు చేయించింది. మరుసటి ఏడాది పీటర్ మీద ఒక బల్ల ఆట రూపొందించింది. గోడ కాగితాలకూ నమూనాలు గీసింది.

గమనించారా? కాగితం మీది కుందేలుకు బరువుండదు. బట్ట కుందేలు ముందుకు తూలి పడుతుంది. ఆ సంగతి కుట్టిన మనిషికే తెలుస్తుంది. చేతితో చేయడం వల్ల అన్నిటికన్నా పెద్ద లాభం ఇదే: పాత్ర గురించి మీకే తెలియని విషయాలు మీ వేళ్లు చెబుతాయి. రేపు పని పెరిగి వేరేవాళ్లకు అప్పగించినా, ఎక్కడ ఏది తేడా వస్తుందో చెప్పగలిగేది మొదటి పది ముక్కలు తన చేత్తో చేసినవాళ్లే.

అన్నట్టు, సీసం విషం. ఇప్పుడు ఏ బొమ్మలోనూ వేయకూడదు. బరువు కావాలంటే స్టీలు వాషర్లను గట్టి గుడ్డలో పెట్టి, నాలుగువైపులా కుట్టేసి, లోపల అమర్చండి.

సత్తెమ్మ ఏం అడిగింది?

ఇక వస్తువుల దగ్గరికి వద్దాం. "ఏం అమ్ముడుపోతాయి?" అని కాకుండా "సత్తెమ్మ ఎక్కడ ఉండాలనుకుంటుంది?" అని అడుగుదాం.

క్యాలెండర్ వెనక దాక్కుంటుంది కదా. అయితే రెండు ముక్కలు చేద్దాం. తల ఒకటి, తోక ఒకటి. వెనక చిన్న క్లిప్పు. తలను క్యాలెండర్‌కు ఒక అంచున, తోకను రెండో అంచున పెడితే మధ్యలో బల్లి దాక్కున్నట్టే ఉంటుంది. నడుం లేదు, పొట్ట లేదు. మిగతా బల్లిని చూసేవాళ్లే ఊహించుకుంటారు.

అదే ఆలోచన పుస్తకానికి. మధ్యలో రిబ్బను, పైన తల, కింద తోక. పుస్తకంలో పెడితే పేజీల మధ్య నక్కిన సత్తెమ్మ. మామూలు నవల సైజు పుస్తకం పొడవు ఎనిమిదిన్నర అంగుళాలు. కాబట్టి రిబ్బను తొమ్మిది అంగుళాలు ఉండాలి. కొలవకుండా కోస్తే తలో తోకో పుస్తకంలోపలే ఉండిపోతుంది.

మూడోది తోక ఊడే బొమ్మ. తోకను టిచ్ బటన్‌తో అతకాలి. ఇంట్లో ఎవరైనా అబద్ధం చెప్పి దొరికిపోతే తోక పీకేయడం ఆట. కొన్నవాళ్లకు ఆట ఎలా ఆడాలో మనం చెప్పనక్కర్లేదు. అన్నాచెల్లెళ్లున్న ఇంట్లో రోజుకు పదిసార్లు ఊడుతుంది.

నాలుగోది కాగితం మీదిది. పంచాంగాల్లో బల్లిపాటు ఫలితాలు ఉంటాయి. కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని తాకి వచ్చినవాళ్లకు మన ఊళ్లలో ఒక గౌరవం ఉంది. ఆ నమ్మకాన్ని వెక్కిరించకుండా, సత్తెమ్మ చేత సరదా ఫలితాలు చెప్పించి ఉగాదికి ఒక కార్డు తేవచ్చు. 'తల మీద పడితే: ముందు కేక, తర్వాత స్నానం, ఆ తర్వాత పంచాంగం.' 'చీపురు మీద పడితే: ఫలితం నాకు, మీకు కాదు.'

అయిదోది గుడ్డ సంచి. పెడనలో కలంకారీ అద్దకానికి చెక్క అచ్చులు చెక్కుతారు. అలాంటి అచ్చు ఒకటి చెక్కించుకుంటే సంచుల మీద మీ చేత్తో మీరే అద్దుకోవచ్చు. రెండు జాగ్రత్తలు: వెంట్రుకవాసి గీతలు చెక్కలో నిలవవు, కాబట్టి బొమ్మను లావు గీతల్లో మళ్లీ గీయాలి. అచ్చు మీద అక్షరాలు తిరగేసి చెక్కాలి. మరిచిపోతే 'సత్యం' అద్దంలో చూసి చదువుకోవాల్సి వస్తుంది. అద్దేవాళ్లకు అది పాత సంగతే, మనకే కొత్త.

ఈ అయిదింటిలో కప్పు లేదు. టీషర్టూ లేదు, ఎందుకంటే భుజం మీద బల్లి కనిపిస్తే పక్కవాడు దులపబోతాడు. మీ పాత్ర నెమలి అయితే లెక్క వేరు, ఆవకాయ జాడీ అయితే వేరు. మన చేతిపనుల్లోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. ఏటికొప్పాక లక్కబొమ్మ లేత్ మీద తిరుగుతూ తయారవుతుంది. కాబట్టి గుండ్రటి పాత్రలు దానికి నప్పుతాయి. కొండపల్లిలో తేలికైన పొణికి చెక్కతో ఒళ్లు, చేతులు విడివిడిగా చెక్కి అతుకుతారు. కాబట్టి చేయెత్తిన మనిషి, తొండమెత్తిన ఏనుగు అక్కడ కుదురుతాయి. పదార్థానికీ పాత్రలాగే స్వభావం ఉంటుంది. ఆ రెండు స్వభావాలూ కలిసిన చోట వస్తువు చేయండి.

మొదటి వస్తువు చిన్నది కావడం మంచిది. జపాన్ సాన్రియో సంస్థ హలో కిట్టీ బొమ్మతో 1975లో మార్కెట్లోకి తెచ్చిన మొదటి సరుకు చిల్లర డబ్బులు వేసుకునే చిన్న పర్సు. ధర 240 యెన్‌లు. రోజూ చేతిలో మెదిలే చిన్న వస్తువే పాత్రను ఇంటి మనిషిని చేస్తుంది. మన వరసలో ఆ పని పుస్తకంలో పెట్టే సత్తెమ్మది.

సూది పట్టాక

తోక ఊడే బొమ్మ తయారీ చూద్దాం. మిగతావి దీనికన్నా తేలిక.

బట్టగా ఫెల్ట్ తీసుకోండి. కోసిన అంచు పోగులు లేవదు, కాబట్టి మడిచి కుట్టే పని తప్పుతుంది. పాత్ర కాగితం మీంచి అసలు సైజు నమూనాను అట్ట మీద గీసి కత్తిరించండి. అట్ట నమూనా అయితే వందసార్లు వాడినా అరగదు. దాన్ని ఫెల్ట్ మీద పెట్టి సుద్దతో గీసి, ఒళ్లు రెండు ముక్కలు, తోక రెండు ముక్కలు కోయండి. ముఖం మీది పనంతా ముక్కలు జోడించకముందే పూర్తి చేయాలి. కళ్లకు నల్లదారం, బొట్టుకు ఎర్రదారం. జోడించాక కుడితే ముడులు బయటికి కనిపిస్తాయి. టిచ్ బటన్ సగం ఒంటి చివర, సగం తోక మొదట్లో కుట్టండి. ఆ చోట లోపల ఇంకో ఫెల్ట్ ముక్క దన్నుగా వేయకపోతే నాలుగుసార్లు పీకేసరికి బట్టతో సహా ఊడి వస్తుంది. తర్వాత అంచుల వెంట కుట్టుకుంటూ వచ్చి, రెండు అంగుళాలు వదిలి, ఫైబర్ దూది నింపి మూసేయండి. దూది ముందు తల్లోకి, కాళ్లలోకి కొద్దికొద్దిగా, చివర్న పొట్టలోకి.

మొదటిది బాగా రాదు. రెండోదీ అంతే. మొదటి మూడింటినీ అమ్మవద్దు, పారేయనూ వద్దు. వాటి మీద చీటీ అంటించి, ఏది తప్పిందో రాసి దాచండి.

ఇప్పుడు అసలు సంగతి. నిజం బల్లికి కాలికి అయిదు చొప్పున ఇరవై వేళ్లు. మీరు అభిమానంతో ఇరవై వేళ్లూ కత్తిరించి, ఒక్కోదాని చుట్టూ కుడతారు. బొమ్మ అద్భుతంగా వస్తుంది, సరే. గడియారం చూడండి. రెండు గంటలు. అందులో సగం దగ్గర దగ్గర వేళ్లకే పోయింది. కాలికి మూడు వేళ్లు పెట్టి, చుట్టూ కుట్టకుండా ఫెల్ట్ ముక్కలాగే వదిలేస్తే? గంటా పావులో అయిపోతుంది. చూసేవాళ్లలో వేళ్లు లెక్కపెట్టేవాళ్లుండరు. తోక, బొట్టు, కళ్లు సరిగ్గా ఉంటే అది సత్తెమ్మే. చేతిపనిలో డిజైన్ అంటే ఏ కుట్టు మానేసినా పాత్ర చెడదో కనిపెట్టడం.

మూడు వేళ్లకు వచ్చాక ఒక్కొక్కటి మొదటినుంచి చివరి దాకా చేయకండి. పది బొమ్మల ముక్కలు ఒకే రోజు కోయండి. మర్నాడు పది ముఖాలు. ఆ మర్నాడు పది బటన్లు. చేయి ఒకే పని మీద ఉన్నప్పుడు వేగం వస్తుంది, పదీ ఒకే పోలికలో వస్తాయి.

కూలి కోయకండి, కుట్టు కోయండి

ధర పెట్టేటప్పుడు మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు, బట్ట ఖర్చుకు ఇంకో యాభై కలిపి చెప్పేయడం. "ఇంట్లో కూర్చుని చేసిందే కదా" అన్న మాట బయటివాళ్లకన్నా ముందు మనమే అనుకుంటాం. ఒక నోటుపుస్తకం తీసి లెక్క రాయండి. కింది అంకెలు ఉదాహరణకు మాత్రమే, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి.

పుస్తకంలో పెట్టే సత్తెమ్మకు ఫెల్ట్, రిబ్బను, దారం, కార్డు, కవరు కలిపి ₹30 అనుకుందాం. పట్టే సమయం 25 నిమిషాలు. గంటకు ₹150 కూలి వేసుకుంటే సుమారు ₹62. పదింటిలో ఒకటి పాడవుతుంది కాబట్టి పది శాతం కలపండి. మొత్తం ₹102 దాకా తేలింది. స్టాల్ అద్దె ₹3,000, అక్కడ 60 వస్తువులు అమ్మగలనని అంచనా అయితే ఒక్కోదాని మీద ₹50 అద్దె పడుతుంది. అంటే ₹152. దీన్ని ₹199కి అమ్మితే ₹47 మిగులుతుంది. షాపులో పెడితే, వాళ్లు 30 శాతం తీసుకుంటారనుకుంటే, ₹60 వాళ్లకు పోయి ₹139 మీకు వస్తుంది. అద్దె ఉండదు కాబట్టి ₹37 మిగులు. రెండు దారులూ గిడతాయి.

ఇప్పుడు తోక బొమ్మ. సామాను ₹85. ఇరవై వేళ్లతో రెండు గంటల కూలి ₹300. పాడైనవాటికి పది శాతం. ₹424 అయింది, అద్దెతో ₹474. అమ్మే ధర ₹600 దాటాలి. కొనేవాళ్లు ₹450 దగ్గర ఆగిపోతున్నారు. చాలామంది ఇక్కడ తమ కూలిని సగానికి కోసుకుంటారు, నాలుగు నెలలకు విసుగొచ్చి మానేస్తారు. కూలి ముట్టుకోకుండా మూడు వేళ్ల బొమ్మకు రండి. గంటా పావుకు ₹187, సామాను ₹85, పది శాతం కలిపి ₹300. అద్దెతో ₹350. ₹449కి అమ్మితే ₹99 మిగిలింది.

వస్తువుల వరసలో మూడు మెట్లు ఉండాలి. చిల్లరతో కొనేసేది ఒకటి (ఉగాది కార్డు), కాస్త ఆలోచించి కొనేది ఒకటి (పుస్తకంలోది, క్యాలెండర్‌ది), బహుమతిగా ఇచ్చేది ఒకటి (బొమ్మ, సంచి). పిల్లవాడు కార్డుతో మొదలుపెట్టి, పుట్టినరోజుకు బొమ్మ అడుగుతాడు.

ఏది ఎవరిది?

పాటర్ కథలో ఒక చేదు భాగం ఉంది. పీటర్ పుస్తకానికి అమెరికాలో కాపీరైట్ నమోదు కాలేదు. దాంతో అక్కడ ఎవరికి తోచినట్టు వాళ్లు అచ్చు వేసుకున్నారు. ఆమెకు దమ్మిడీ రాలేదు. బొమ్మ విషయంలో ఆమె వెంటనే పేటెంట్ ఆఫీసుకు పరుగెత్తడం వెనక ఈ దెబ్బ కూడా ఉండి ఉండవచ్చు.

మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, మీరు గీసిన క్షణంలోనే ఆ బొమ్మ మీద హక్కు మీకు వస్తుంది. మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. నమోదు తప్పనిసరి కాదు గానీ కోర్టుకెక్కితే సాక్ష్యంగా పనికొస్తుంది. మామూలు చిత్రానికి రుసుము ₹500, సరుకుల మీద వాడే చిత్రానికి ₹2,000. తేదీ వేసిన స్కెచ్‌లు, మొదటి ముక్కల ఫొటోలు దాచండి.

తక్కువమందికి తెలిసిన మెలిక ఒకటుంది. డిజైన్ల చట్టం కింద నమోదు చేసుకోదగిన రూపాన్ని నమోదు చేయకుండా, దాన్ని వేసిన వస్తువులు పారిశ్రామిక పద్ధతిలో 50కి మించి తయారుచేస్తే, ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుందని కాపీరైట్ చట్టంలోని 15వ సెక్షన్ చెబుతుంది. డిజైన్ నమోదు పదేళ్లు ఉంటుంది, మరో అయిదేళ్లు పొడిగించుకోవచ్చు. అయితే లోకానికి చూపించేసిన డిజైన్ కొత్తది కాదంటారు. కాబట్టి పెద్ద ఎత్తున చేయించాలని ఉంటే, స్టాల్ మీద పెట్టకముందే ఒక న్యాయవాదిని కలవండి. పాత్ర పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయాలంటే వ్యక్తులకు ఒక్కో తరగతికి ఆన్‌లైన్‌లో ₹4,500.

పిల్లల బొమ్మలకు ఇంకో నిబంధన ఉంది. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల కమిషనర్ కార్యాలయంలో నమోదైన చేతివృత్తివాళ్లు చేసినవాటికి మినహాయింపు ఇచ్చారు. ఆ నమోదు అయ్యేదాకా పెద్దవాళ్లు వాడే వస్తువులతో, అంటే పుస్తకంలోది, క్యాలెండర్‌ది, సంచి, కార్డులతో మొదలుపెట్టడం మేలు. చట్టం మాట పక్కన పెట్టినా, ఊడే బటన్ పసిపిల్లల గొంతులో పడుతుంది. క్లిప్పు బదులు చిన్న గుండ్రటి అయస్కాంతాలు పెడదామనిపిస్తుంది. వద్దు. అవి మింగితే పేగులకే ప్రమాదం.

చివరిగా ఒక మాట. అభిమానంతోనైనా బుడుగునో, భీమ్‌నో కుట్టి అమ్మకండి. మన సత్తెమ్మను ఇంకెవరో కుట్టి అమ్మితే ఎలా ఉంటుందో ఊహించుకుంటే చాలు.

బల్ల మీద సత్తెమ్మ

మొదటిసారి అమ్మడానికి ముప్పై ముక్కలు చాలు. అపార్ట్‌మెంట్ ఉగాది సంబరం, కాలేజీ ఫెస్ట్, ఆ తర్వాత శిల్పారామం లాంటి చోటు, హైదరాబాద్ కామిక్ కాన్‌లో చిత్రకారుల బల్లలు. ప్రతి వస్తువుకూ అరచేతిలో పట్టే కార్డు ఒకటి కట్టండి. దాని మీద పాత్ర కథ నాలుగు వాక్యాల్లో ఉండాలి. ఈ అధ్యాయం మొదట్లో మీరు రాసుకున్న ఆ నాలుగు వాక్యాలే.

బల్ల మీద సరుకును సంతలోలా పేర్చకండి. ఒక పాత క్యాలెండర్ తగిలించి, దానికి సత్తెమ్మను పెట్టండి. నాలుగు పాత నవలల్లోంచి నాలుగు తలలు తొంగిచూడనివ్వండి. వచ్చినవాళ్లు ముందు దేన్ని తాకారో, ఏం చూసి నవ్వారో, ఏది చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశారో సాయంత్రం ఇంటికి రాగానే రాసుకోండి. నవ్వి పెట్టేస్తే ధర ఎక్కువ. నవ్వకుండా పెట్టేస్తే వస్తువు తప్పు. ఈ రెండింటికీ మందు వేరు.

ఈ వారం పని

సోమవారం నాలుగు ప్రశ్నలకు నాలుగు జవాబులు. మంగళవారం తపాలా బిళ్ల పరీక్ష. బుధవారం పాత్ర ఉండాలనుకునే చోట్లు ఇరవై రాసి, పదిహేను కొట్టేయండి. గురువారం మిగిలిన అయిదింటిలో అన్నిటికన్నా చిన్నదానికి అట్ట నమూనా. శుక్ర, శని, ఆదివారాల్లో మూడు ముక్కలు, ప్రతిదానికీ గడియారం పెట్టుకుని.

మూడోది మొదటిదానికన్నా తక్కువ సమయంలో, ఎక్కువ పోలికతో వస్తే మీరు దారిలో పడ్డట్టే. ప్రింటింగ్ షాపుకు వెళ్లే పని తర్వాత చూసుకోవచ్చు. ముందు ఫెల్ట్ కొనుక్కు రండి, ఒక్క మీటరు చాలు.